రాశానంటుంది డిస్కు

రాంబిల్లి పేరు పేపర్లో పడిందంటే ఇన్నాళ్లూ అది నేవీ స్థావరం గురించో, పక్కనున్న అచ్యుతాపురం సెజ్ గురించో, లేదంటే తుపాను హెచ్చరికో అయ్యుండేది. 2025 అక్టోబర్ 14న వీటికి డేటా సెంటర్ కూడా తోడైంది. విశాఖలో అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతామని గూగుల్ ఆ రోజు ఢిల్లీలో ప్రకటించింది. అందుకు ఎంచుకున్న మూడు చోట్లలో తర్లువాడ, అడవివరంతో పాటు అనకాపల్లి జిల్లా రాంబిల్లి ఉంది.

ఆ తీరం సంగతి తెలిసినవాళ్లకి 'సర్వర్లు' అనగానే 2014 అక్టోబర్ 12 గుర్తుకు రాకమానదు. గంటకు 180 కిలోమీటర్ల గాలితో హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటింది ఆ రోజే. స్తంభాలు ఒరిగిపోయి, లైన్లు తెగిపోయి చాలాచోట్ల రోజుల తరబడి కరెంటు లేదు. డేటా సెంటర్ కట్టేవాళ్లు ఇవన్నీ లెక్క వేసుకునే దిగుతారు. బ్యాటరీలుంటాయి, జనరేటర్లుంటాయి, ఒక వైపు లైను పోతే ఇంకో వైపు నుంచి వస్తుంది. కానీ కరెంటు పోవడానికి తుపానే అక్కర్లేదు. గదిలో ఒక ఫ్యూజు చాలు, ఒక్కోసారి ఒక మనిషి వేలు చాలు. అలాంటి క్షణంలో తేలే ప్రశ్న ఒకటుంది: 'రాసేశాను' అని డిస్కు చెప్పిన మరుక్షణం కరెంటు పోతే, ఆ రాసింది నిజంగా ఉంటుందా?

ఉంటుందనే మనమంతా అనుకుంటాం. ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నెల్ రాసేవాళ్లు కూడా చాలాకాలం అలాగే అనుకున్నారు, లేదా అనుకున్నట్టు నటించారు. లినక్స్‌లో ఈ నమ్మకానికి గట్టి ఆధారం కుదిరింది 2010-11 మధ్య. అందాకా జరిగిన కథలో సిద్ధాంతాల కంటే బేరాలు, మొహమాటాలు, అదృష్టమే ఎక్కువ.

ఒక ప్రోగ్రాం ఫైల్లో ఏదైనా రాస్తే అది తిన్నగా డిస్కుకి పోదు. ముందు కెర్నెల్ దాన్ని మెమరీలో దాచుకుంటుంది. పాత యూనిక్స్‌లో 'అప్‌డేట్' అనే చిన్న ప్రోగ్రాం 30 సెకన్లకోసారి లేచి 'సింక్' చేసి, పేరుకున్నదంతా డిస్కు వైపు తోసేది. మెషీన్ ఆపే ముందు 'సింక్' అని మూడుసార్లు టైపు చెయ్యాలన్న ఆచారం ఆ రోజుల్నాటిదే. అందులో మంత్రమేం లేదు. సింక్ పని మొదలుపెట్టి, పూర్తి కాకుండానే తిరిగొచ్చేసేది. రెండోసారి, మూడోసారి టైపు చేసే వ్యవధిలో డిస్కు తన పని కానిచ్చుకునేది. 1983లో వచ్చిన 4.2 బీఎస్‌డీ అనే యూనిక్స్ 'ఎఫ్‌సింక్' తెచ్చింది. నా ఈ ఒక్క ఫైలూ డిస్కుకి చేరేదాకా నేను కదలనని ప్రోగ్రాం పట్టుబట్టడానికి అది దారి. మీ బ్యాంకు ఖాతాలో వంద రూపాయలు తగ్గి ఇంకొకరి ఖాతాలో పెరిగాయని ఒక డేటాబేసు ఒప్పుకునే ముందు చేసేది ఇదే.

అయితే ఇదంతా ప్రోగ్రాముకీ కెర్నెల్‌కీ మధ్య ఒప్పందం. డిస్కు మాట తప్పదన్న ధీమాతో రాసుకున్నది. ఈలోగా డిస్కు డబ్బా లోపలికే ఒక బుల్లి ప్రాసెసరు, దానికి సొంత మెమరీ వచ్చి చేరాయి.

ఎందుకొచ్చాయో లెక్క చూస్తే తెలుస్తుంది. నిమిషానికి 7,200 చుట్లు తిరిగే డిస్కుకి ఒక చుట్టు పూర్తవడానికి 8.3 మిల్లీసెకన్లు పడుతుంది. ఒకే చోట రాస్తూ, రాసిన ప్రతిసారీ 'అయిందా?' అని అడిగి మరీ ముందుకు పోతే సెకనుకు 120 సార్లు మించి రాయలేం. ఆ వచ్చినదాన్ని తన మెమరీలో వేసుకుని వెంటనే 'అయింది' అనేస్తే ఆ లెక్క వేలల్లోకి పోతుంది. పైగా చేతిలో నాలుగు పనులుంటే దగ్గరున్నది ముందు, దూరమున్నది తర్వాత అని వరస మార్చుకునే సౌకర్యం కూడా దొరుకుతుంది. దీన్నే రైట్ క్యాష్ అంటారు. కరెంటు పోతే ఆ మెమరీలో ఉన్నది పోతుంది.

మండలాఫీసులో అర్జీ ఇచ్చిన ఎవరికైనా ఇది కొత్త కాదు. కౌంటర్లో గుమాస్తా కాగితం తీసుకుని మన నకలు మీద ముద్ర కొట్టి ఇచ్చేస్తాడు. ముద్ర పడింది కాబట్టి పని అయిందనుకుని మనం బస్సెక్కుతాం. అర్జీ మాత్రం ఇంకా ట్రేలోనే ఉంటుంది, రిజిస్టర్లోకి ఎక్కలేదు. సాయంత్రం లోపు ఎక్కిస్తాడు, ఏ క్రమంలో ఎక్కిస్తాడన్నది ఆయన ఇష్టం. ఆ ట్రే మీద నీళ్లు పడనంత కాలం ఎవరికీ ఏ నష్టమూ లేదు.

సర్వర్లలో వాడే స్కజీ డిస్కుల ప్రమాణాలు రాసినవాళ్లు ఈ సంగతిని మొదటే ఒప్పుకున్నారు. క్యాష్ వాడుతున్నానా లేదా అని డిస్కు బయటికి చెప్పే ఒక గుర్తు పెట్టారు. ట్రేలో ఉన్నదంతా రిజిస్టర్లోకి ఎక్కించమనే ఆజ్ఞ ఒకటి ఇచ్చారు, అదే ఫ్లష్. ఈ ఒక్క కాగితాన్నీ ట్రేలో వేయకుండా తిన్నగా ఎక్కించమనే గుర్తు ఇంకొకటి పెట్టారు, దాన్ని ఎఫ్‌యూఏ అంటారు. ఇళ్లలోని కంప్యూటర్లకి వచ్చిన చవక ఐడీఈ డిస్కుల దారి వేరు. కంప్యూటర్ పత్రికల్లో వేగం పరీక్షలు అచ్చయ్యే రోజులవి, క్యాష్ ఆపి ఉంచిన డిస్కుని కొనేవాడు లేడు. ఫ్లష్ ఆజ్ఞ ఆ ప్రమాణాల్లోకి 1990ల చివర్లో గానీ రాలేదు.

గుట్టు ముందుగా బయటపడింది ఏ పెద్ద సర్వర్లోనూ కాదు, విండోస్ 98 ఉన్న మామూలు కంప్యూటర్లలో. ప్రాసెసర్లు వేగం పెరిగి, డిస్కుల్లో క్యాష్ పెద్దదయ్యేసరికి, 'షట్ డౌన్' నొక్కగానే డిస్కు తన మెమరీలో ఉన్నది లోపల తిరిగే పళ్లేల మీద రాసుకునే లోపే మెషీన్ తనకు తానే కరెంటు ఆపేసుకునేది. మళ్లీ ఆన్ చేస్తే ఫైళ్లు పాడై ఉండేవి. మైక్రోసాఫ్ట్ దీనికో దిద్దుబాటు విడుదల చేసింది. అందులో ఉన్నది ప్రధానంగా ఆగడమే: ఆపేముందు కాసేపు, రెండు సెకన్లపాటు, డిస్కుకి టైం ఇవ్వడం. మూడుసార్లు సింక్ టైపు చేసిన పాత ఆచారమే మళ్లీ కొత్త బట్టలు కట్టుకొచ్చింది.

ఆ బీఎస్‌డీ వంశంలోని ఫ్రీబీఎస్‌డీ వాళ్లు ఇంకాస్త నిజాయితీగా పోదామనుకున్నారు. 2001లో వచ్చిన 4.3లో ఐడీఈ డిస్కుల రైట్ క్యాష్‌ని మొత్తానికే ఆపేశారు. రాత ఎప్పుడు పూర్తయిందన్న విషయంలో ఆ డిస్కులు అబద్ధం చెబుతాయని తమ పుస్తకాల్లో ఆ మాటతోనే రాసుకున్నారు. వాడేవాళ్లకి మాత్రం రాసే వేగం ఘోరంగా పడిపోయింది. ఆ విడుదల తర్వాత మళ్లీ క్యాష్ తెరిచేశారు. సరైన పని చేసినవాళ్లే వెనక్కి తగ్గాల్సి రావడం చూస్తే నాకు జాలేస్తుంది. కానీ ఇంకో దారి లేదు. నిజం చెబితే వేగం తగ్గుతుందని తెలిసి జనం వేగాన్నే ఎంచుకున్నారు.

లినక్స్ కథ ఇక్కడ మొదలవుతుంది. 2001 చివర్లో ఈఎక్స్‌టీ3 అనే ఫైల్ సిస్టమ్ 2.4.15 కెర్నెల్లో చేరింది. దాన్ని తయారుచేసిన స్టీఫెన్ ట్వీడీ 1998లోనే దాని రూపురేఖలు వివరిస్తూ వ్యాసం రాశారు. దాని గొప్పదనం జర్నల్. డిస్కు మీద ఏ మార్పు చేయబోతున్నా ముందు దాన్ని జర్నల్లో రాసుకుంటుంది. అంతా రాశాక చివర 'పైన రాసినదంతా పక్కా' అని ఒక కమిట్ బ్లాక్ వేస్తుంది. ఆ తర్వాతే అసలు చోట దిద్దుతుంది. మధ్యలో కరెంటు పోయినా తిరిగి లేచినప్పుడు జర్నల్ చూసుకుని, కమిట్ ఉన్నవాటిని పూర్తి చేస్తుంది, లేనివాటిని వదిలేస్తుంది. అంతకు ముందు పెద్ద డిస్కుని మొత్తం తనిఖీ చెయ్యడానికి గంటలు పట్టేది.

దీని ప్రాణమంతా వరసలో ఉంది. కమిట్ బ్లాక్ కంటే ముందు జర్నల్ పేజీలు డిస్కు పళ్లేల మీదికి దిగాలి. డిస్కు తన వీలు కోసం కమిట్‌నే ముందు దించి, ఆ క్షణాన కరెంటు పోయిందనుకోండి. లేచాక కెర్నెల్ ఆ కమిట్‌ని నమ్మి, జర్నల్లో ఎప్పటిదో చెత్తని తీసుకుపోయి అసలు చోట రాసేస్తుంది. కాపాడడానికి పెట్టుకున్న జర్నలే చేతులారా పాడు చేస్తుంది.

దీనికి మందుగా వచ్చింది 'బ్యారియర్'. అప్పట్లో సూసే కంపెనీలో ఉన్న యెన్స్ ఆక్స్‌బో దీని మీద పనిచేశారు, 2004 నాటికి 2.6 కెర్నెల్లో చేరింది. ఫైల్ సిస్టమ్ తన కమిట్ బ్లాక్ మీద బ్యారియర్ అని గుర్తు పెట్టి పంపుతుంది. దాని ముందున్నవన్నీ దానికి ముందే దిగాలి, వెనకున్నవి దాని తర్వాతే దిగాలి. ఆ పూచీ కిందనున్న, డిస్కుకి పనులు అందించే బ్లాక్ లేయర్‌ది. బ్లాక్ లేయర్ దాన్ని నెరవేర్చిన తీరు మొరటుగానే ఉండేది. కొత్తవాటిని ఆపేసేది. డిస్కు చేతిలో ఉన్నవన్నీ అయ్యేదాకా ఎదురుచూసేది. ఫ్లష్ పంపేది. బ్యారియర్ రాసేది. ఎఫ్‌యూఏ లేని డిస్కయితే మరో ఫ్లష్. అప్పుడు గేటు ఎత్తేది.

మందు చేదు. ఈఎక్స్‌టీ3లో బ్యారియర్ ఉంది గానీ, అడిగితే తప్ప పనిచెయ్యదు. ఎక్స్‌ఎఫ్ఎస్ అనే ఇంకో ఫైల్ సిస్టమ్ 2006లో 2.6.17 నుంచి దాన్ని మామూలుగానే ఆన్ చేసి పెట్టింది. ఈఎక్స్‌టీ3 మాత్రం ఆఫ్‌లోనే ఉండిపోయింది. 2008 మేలో రెడ్ హ్యాట్‌లో పనిచేసే ఎరిక్ శాండీన్, ఇక దీన్ని ఆన్ చేసేద్దామని ప్యాచ్ పంపారు. కెర్నెల్ ప్యాచ్‌లు చూసే ఆండ్రూ మోర్టన్ ఒప్పుకోలేదు. ఇంతకు ముందోసారి ప్రయత్నిస్తే చాలా పనులు 30 శాతం దాకా నెమ్మదించాయని, దడుసుకుని ఆ ప్యాచ్‌లు పక్కన పెట్టానని ఆయన అన్నారు. ఇన్నేళ్లలో ఎవరికీ పెద్దగా ఏమీ కాలేదు కదా, అన్నది ఆయన వైపు మాటకి బలం.

ఇంకో కెర్నెల్ డెవలపర్ క్రిస్ మేసన్ దానికి జవాబుగా ఒక పరీక్ష రాసి తెచ్చారు. మెమరీ మీద ఒత్తిడి పెంచి, డిస్కు నిండా చిన్న చిన్న పనులు పెట్టి, మధ్యలో కరెంటు పీకేయడం. బ్యారియర్ లేని ఈఎక్స్‌టీ3 సుమారు సగం సార్లు పాడైంది. మరి బయట ప్రపంచంలో ఎందుకు పాడవలేదు? ఈఎక్స్‌టీ ఫైల్ సిస్టమ్‌ల మీద పనిచేసే టెడ్ త్సో తదితరులు చెప్పిన కారణం సరదాగా ఉంటుంది. జర్నల్ డిస్కు మీద వరసగా ఒకే చోట ఉంటుంది, కమిట్ బ్లాక్ దాని చివర ఉంటుంది. డిస్కు తనంతట తాను వీలు చూసుకున్నా మామూలుగా అదే వరసలో రాస్తుంది. అంటే ఏళ్ల తరబడి లక్షల సర్వర్లని కాపాడింది కోడు కాదు, అమరిక కుదిరిన అదృష్టం.

దీనికి తోడు ఇంకో వింత. బ్యారియర్‌ని ఆన్ చేసినా చాలామందికి అది పనిచేసేది కాదు. రెడ్ హ్యాట్ ఇన్‌స్టాలర్ మామూలుగా డిస్కు మీద, దాని చోటుని పంచిపెట్టే ఎల్‌వీఎం పొర వేసేది. ఆ పొర అప్పట్లో బ్యారియర్‌ని కిందికి పంపేది కాదు. ఫైల్ సిస్టమ్ అడిగేది, మధ్యలో పొర కుదరదనేది, ఫైల్ సిస్టమ్ ఒక లైను లాగ్‌లో రాసి ఊరుకునేది. ఆ పొరలన్నీ సర్దుకునేసరికి 2010 వచ్చింది.

మోర్టన్‌ది తప్పనడం ఇప్పుడు తేలిక. అప్పుడు ఆయన దగ్గర ఉన్నవి కొలిచిన నష్టం ఒకటి, కొలవని నష్టం ఒకటి. కొలిచినదానికే మొగ్గారు. కొలవని నష్టం ఎలా ఉంటుందో చూడాలంటే మూడేళ్లు వెనక్కి, 2005 జనవరికి పోవాలి. లైవ్‌జర్నల్ అనే సైటు సర్వర్లు సియాటిల్లోని ఒక డేటా సెంటర్‌లో ఉండేవి. అక్కడ ఎవరో అత్యవసరంగా కరెంటు మొత్తం ఆపేసే ఎర్ర బటన్ నొక్కేశారు. తుపాను లేదు, లైను తెగలేదు, బ్యాటరీలన్నీ బాగానే ఉన్నాయి. ఒక వేలు. కరెంటు వచ్చాక చూస్తే కొన్ని డేటాబేసులు చెడిపోయి ఉన్నాయి. ఎఫ్‌సింక్ చేసి, 'అయింది' అనిపించుకుని, లెక్కలో వేసుకున్నవి డిస్కు మీద లేవు. సైటుని తిరిగి లేపడానికి జనం రాత్రంతా కూర్చోవాల్సి వచ్చింది.

ఆ సైటు పెట్టిన బ్రాడ్ ఫిట్జ్‌ప్యాట్రిక్ ఆ ఏడే 'డిస్క్‌చెకర్' అనే చిన్న పెర్ల్ ప్రోగ్రాం రాశారు. నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చిన వస్తువు అదే. రెండు మెషీన్లు కావాలి. మొదటిది డిస్కులో రాస్తూ, ఎఫ్‌సింక్ అయిందన్న ప్రతిసారీ రెండోదానికి 'ఇది రాశాను' అని కబురు పెడుతుంది. రెండోది ఆ కబుర్లన్నీ దాచుకుంటుంది. ఇప్పుడు మొదటిదాని ప్లగ్గు చేత్తో పీకండి. మళ్లీ ఆన్ చేసి, రాశానన్నవన్నీ ఉన్నాయో లేదో రెండోదానితో సరిచూడండి. సాక్షిని ఇంకో గదిలో కూర్చోబెట్టి వాంగ్మూలం సరిచూడడమన్నమాట. అలా చూస్తే అబద్ధం డిస్కులోనే కాదు, దారిలో ఎక్కడైనా ఉండొచ్చని తేలింది. రెయిడ్ కార్డుల్లో, డ్రైవర్లలో, చివరికి ఆపరేటింగ్ సిస్టమ్‌లో కూడా. మ్యాక్‌లో ఎఫ్‌సింక్ డిస్కు దాకా పంపుతుంది గానీ డిస్కు క్యాష్ ఖాళీ చెయ్యమని అడగదు. అది కావాలంటే 'ఎఫ్‌ఫుల్‌ఎఫ్‌సింక్' అని విడిగా అడగాలి. ఎస్‌క్యూలైట్ అనే డేటాబేసు అందుకోసం ప్రత్యేకంగా ఒక మీట పెట్టుకుంది.

ఇక 2010 వేసవి. లినక్స్‌లో స్టోరేజీ మీద, ఫైల్ సిస్టమ్‌ల మీద పనిచేసేవాళ్లు ఆగస్టులో బోస్టన్‌లో కలిశారు. బ్యారియర్ నెమ్మదిగా ఉంది, ఏం చేద్దామన్నది ముందున్న సమస్య. ఇలాంటి చోట సాధారణంగా బ్యారియర్‌ని ఇంకా తెలివిగా చెయ్యాలనే పోతారు. కొరియాకి చెందిన తేజున్ హో, క్రిస్టోఫ్ హెల్విగ్ మాత్రం దాన్ని తీసేద్దామన్నారు.

వాళ్లు చూసింది ఇది. ఫైల్ సిస్టమ్‌కి ఏది ముందు దిగాలో, ఏది తర్వాత దిగాలో బాగా తెలుసు. జర్నల్ పేజీలు అయ్యేదాకా కమిట్ పంపకుండా అదే ఆగగలదు, చాలావరకు ఆగుతూనే ఉంది కూడా. కింద బ్లాక్ లేయర్‌కి ఆ సంగతేం తెలియదు. తెలియదు కాబట్టే డిస్కు మీద పనులన్నిటినీ, ఆ జర్నల్‌తో సంబంధం లేనివాటిని కూడా, ఆపేస్తోంది. ఒక అర్జీదారు కోసం కౌంటర్ మూసేసి క్యూ అంతా నిలబెట్టినట్టు. కాబట్టి వరస బాధ్యత ఫైల్ సిస్టమ్‌కే వదిలెయ్యాలి. బ్లాక్ లేయర్ రెండే రెండు మాటలు వినాలి: ఇప్పటిదాకా అయినవాటిని క్యాష్ నుంచి దించు, ఇదొక్కటీ తిన్నగా దించు. అంటే ఫ్లష్, ఎఫ్‌యూఏ. స్కజీ వాళ్లు ఏనాడో రాసిపెట్టిన రెండు మాటలే.

2011 జనవరిలో 2.6.37 వచ్చేసరికి బ్యారియర్ వెళ్లిపోయింది. ఫైల్ సిస్టమ్‌లని ఒక్కొక్కటిగా కూర్చోబెట్టి, అది తనకు కావాల్సినచోట ఆగుతోందా, లేక బ్యారియర్ మీద భారం వేసి నిద్రపోతోందా అని చూసి సరిచేశారు. ఈ పని ఎవరికీ కనిపించదు, కానీ నా లెక్కలో అసలు ఆవిష్కరణ ఇదే. ఒక వాగ్దానాన్ని తగ్గించి మిగతాదాన్ని నెరవేర్చదగినట్టు చేశారు.

ఆ వెంటనే తేజున్ హో ఫ్లష్‌లని కలిపే పద్ధతి రాశారు, అది 2.6.39లో చేరింది. ఫ్లష్ ఖరీదైనది. ఒకేసారి పదిమంది ఎఫ్‌సింక్ అడిగితే పది ఫ్లష్‌లు పంపడం దండగ, ఒకటి చాలు. కానీ ఎవరికి చాలు? ఫ్లష్ మొదలయ్యే ముందు రాత పూర్తయినవాళ్లకే అది చెల్లుతుంది. మొదలయ్యాక వచ్చినవాడి రాత ఆ ఫ్లష్‌లో దిగిందో లేదో ఎవరూ చెప్పలేరు. అందుకని రెండు జాబితాలు. ఒకటి ఇప్పుడు నడుస్తున్న ఫ్లష్‌ని నమ్ముకున్నవాళ్లది, ఇంకోటి తర్వాతిదాని కోసం పోగవుతున్నవాళ్లది. నడుస్తున్నది ముగియగానే జాబితాలు చోటు మార్చుకుంటాయి. డిస్కు ఎంత నెమ్మదైతే రెండో జాబితాలో అంత ఎక్కువమంది పోగై, ఒకే ఫ్లష్‌తో తేలిపోతారు. కెర్నెల్లో ఈ ఫైలు ఎంతో పెద్దదేం కాదు, పైన రాసిన వ్యాఖ్యలు ఓపిగ్గా చదివితే చాలు. ఆ ఏడాదే అక్టోబర్లో వచ్చిన 3.1 కెర్నెల్‌తో ఈఎక్స్‌టీ3 కూడా ఫ్లష్‌లని మామూలుగానే ఆన్ చేసుకుంది. శాండీన్ ప్యాచ్ పంపిన మూడేళ్లకి.

తర్వాత చాలాచోట్ల తిరిగే పళ్లేలకి బదులు ఎస్‌ఎస్‌డీలు వచ్చాయి, వాటితో ఈ గొడవ తీరిపోతుందనుకున్నారు. 2013లో పరిశోధకులు 15 ఎస్‌ఎస్‌డీలకి కావాలని కరెంటు తీసి చూస్తే 13 ఏదో ఒక రకంగా తప్పు చేశాయి. ఎస్‌ఎస్‌డీ లోపల ఏ బ్లాకు ఎక్కడుందో చెప్పే పట్టిక కూడా మెమరీలో ఉంటుంది, అది చెదిరితే ఇప్పుడు రాసినదే కాదు, ఎప్పుడో రాసింది కూడా పోవచ్చు. డేటా సెంటర్లకి అమ్మే ఎస్‌ఎస్‌డీల్లో అందుకే చిన్న కెపాసిటర్లుంటాయి. కరెంటు పోయాక క్యాష్‌లో ఉన్నది దించుకునేంతసేపు అవి ఊపిరి నిలుపుతాయి. అలాంటి డ్రైవ్, పోతే పోయే క్యాష్ తనకి లేదని కెర్నెల్‌కి చెప్పుకోవచ్చు. అప్పుడు కెర్నెల్ ఫ్లష్ పంపడం మానేస్తుంది, వేగం మిగులుతుంది.

కెర్నెల్‌కున్న ఈ నమ్మకాన్ని లినక్స్ ఉన్న ఏ మెషీన్లోనైనా చూడొచ్చు. ప్రతి డిస్కుకీ ఉన్న 'క్యూ' ఫోల్డర్లో 'రైట్ క్యాష్' అనే బుల్లి ఫైలుంటుంది. తెరిస్తే 'రైట్ బ్యాక్' అనో 'రైట్ త్రూ' అనో ఒక్క ముక్క కనిపిస్తుంది. మొదటిదైతే కెర్నెల్ ఫ్లష్‌లు పంపుతోందని, రెండోదైతే అక్కర్లేదనుకుంటోందని అర్థం. రూట్ హక్కులున్న ఎవరైనా ఆ ముక్క మార్చొచ్చు. మారిస్తే డిస్కులో ఏమీ మారదు, దాని క్యాష్ దాని పాటికి అది పనిచేస్తూనే ఉంటుంది. మారేది కెర్నెల్ అభిప్రాయమే. 'రైట్ త్రూ' అని మారిస్తే ఆ క్షణం నుంచి అది ఫ్లష్‌లు ఆపేస్తుంది. కెర్నెల్ పత్రాల్లో ఈ సంగతి హెచ్చరికగా రాసి ఉంది.